టేపు కింద స్విచ్

ఒక్క మా అక్కకే,

ఇది చదివాక చింపెయ్యి. మడతపెట్టి పుస్తకాల్లో దాచకు, అమ్మ దుమ్ము దులిపేటప్పుడు పుస్తకాలన్నీ తిరగేస్తుంది. ముక్కలు కూడా ఇంట్లో పడెయ్యకు, మీ మందుల షాపు చెత్తబుట్టలో వెయ్యి. సరేనా? నువ్వు సరే అన్నావనుకునే కింద రాస్తున్నా.

ఇంగ్లీషులో అయితే నాకు చకచకా వచ్చేసేది. కానీ అత్త నా భుజం మీంచి ఒక్క చూపు చూసిందంటే పేజీకి పేజీ మింగేస్తుంది. నా తెలుగు రాత కోడి కెలికినట్టుంటుంది కదా, నువ్వు తప్ప ఎవరూ చదవలేరు. స్కూల్లో ఇన్నేళ్ళు తిట్లు తిన్న రాత ఇప్పుడు తాళంకప్పలా పనికొస్తోంది. ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే గట్టు చివరికి వెళ్ళి చెయ్యెత్తి నిలబడాలి. నేను నిలబడితే పక్కన అత్త కూడా నిలబడుతుంది. ఉత్తరమైతే పొద్దున్నే పాల వ్యాను డ్రైవరు చేతిలో పెట్టొచ్చు.

ఇక్కడ ఒకవైపు బురద నేల, ఇంకోవైపు మోకాలెత్తు గడ్డి, మధ్యలో అత్త ఇల్లు. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో మేం, ఒకదాంట్లో కెమెరా లెన్సులు. బూజు పట్టకుండా వాటి బీరువాలో ఎప్పుడూ బల్బు వెలుగుతూ ఉంటుంది. ఈ ఇంట్లో వెచ్చగా పడుకునేవి అవే. నాన్న చెల్లెలు కదా, కాస్త గారాబం చేస్తుందనుకున్నా. దిగగానే "ఏమే మిడతా, సెలవులకొచ్చావా, పనికొచ్చావా? సెలవులకైతే అదిగో మంచం, పనికైతే ఇవిగో బూట్లు" అంది. బూట్లు తొడుక్కున్నా. తొడుక్కున్నప్పుడు ఎంత సంతోషంగా ఉన్నానో నీకు తెలుసు. ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీలో ఏదో ఒకటి చదవమని అందరూ అంటున్నారు కానీ, నాకు కావాల్సింది ఇదొక్కటే. అత్తలాగా అవ్వాలి. అందుకే ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి ఇంతసేపు చుట్టూ తిరుగుతున్నా.

అత్త ఈ గడ్డి నేల మీద ఒక పుస్తకం చేస్తోంది. అందులో అన్నీ అయిపోయాయి, ఒక్క ఫొటో మిగిలింది. డేగ తరుముతుంటే చెవులపిల్లి ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తే ఫొటో. గడ్డి మధ్యలో చెక్కలతో కట్టిన చిన్న గూడుంది. ఇద్దరం అందులో దూరి, చీలికంత కిటికీల్లోంచి లెన్సులు బయటికి పెట్టి కూర్చుంటాం. చెవులపిల్లి ఏ పక్కకి పరిగెడుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి కుడి కిటికీ అత్తది, ఎడమ కిటికీ నాది.

ఇప్పుడు కొంచెం మెల్లిగా చదువు. మా లెన్సుల్లో స్టెబిలైజర్ అని ఒకటుంటుంది. లోపల ఒక గాజు ముక్క వేలాడుతూ, మన చెయ్యి ఇటు కదిలితే అది అటు కదిలి బొమ్మని నిలకడగా ఉంచుతుంది. నిలబడ్డ జంతువుకి అది వరం. పరిగెత్తే జంతువుకి మాత్రం ఈ పాత లెన్సుల్లో అది శని. ఎందుకంటే, చెవులపిల్లితో పాటు మనం లెన్సుని సర్రున తిప్పుతాం కదా, అది కూడా చెయ్యి వణుకే అనుకుని ఆ గాజు ముక్క వెనక్కి లాగుతుంది. మనం ముందుకి, అది వెనక్కి. బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే అత్త రెండు లెన్సుల మీదా ఆ స్విచ్ ఆపేసి, ఎవరి వేలూ తగలకుండా పైన నల్ల టేపు అంటించేసింది.

నేను ఆ టేపు తీశాను అక్కా. స్విచ్ వేసి, మళ్ళీ టేపు అంటించేశాను.

నా చేతులు వణుకుతున్నాయి. ఇక్కడికొచ్చిన వారం నుంచే. గూట్లో కూర్చుని కెమెరా ఎత్తి కన్ను పెట్టగానే, అందులో గడ్డి మొత్తం బస్సు అద్దంలోంచి చూసినట్టు గడగడలాడుతుంది. చలి కాదు. చలి అయితే గ్లవ్స్ వేసుకుంటే తగ్గాలి కదా. స్విచ్ వేస్తే మాత్రం లోపల సన్నగా గుర్రుమని, ఒక్కసారిగా అంతా నిలబడిపోతుంది. గడ్డిపోచ కూడా కదలదు. ఆ ఒక్క క్షణం నాకు ఏ జబ్బూ లేదనిపిస్తుంది.

నువ్వు ఏమనుకుంటున్నావో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నా. నాయనమ్మ. గ్లాసు నోటిదాకా వచ్చేలోపే సగం నీళ్ళు చీర మీద. చివర్లో నాన్న స్పూనుతో తినిపించేవాడు, మనం తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళం. ఆ రోజుల్లో పెద్దమ్మ వంటింట్లో ఎవరితోనో "ఇది రక్తంలో వచ్చేది, ఈ ఇంట్లో ఇంకెవరికి రాసిపెట్టుందో" అనడం నేను విన్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదహారేళ్ళే అక్కా. నాయనమ్మకి అరవై దాటాకే కదా వచ్చింది, నాకేంటి అప్పుడే?

అత్తకి చెప్పను. నాన్నతో పాటు నాయనమ్మని చివరిదాకా చూసుకుంది అత్తే. ఇంకో వణికే మనిషిని తన గూట్లో ఎందుకు పెట్టుకుంటుంది? డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళను. వెళ్తే దానికి పేరు పెడతారు. పేరు పెట్టాక అది నాదైపోతుంది.

ఇంకో సంగతి, నా ఇన్‌హేలర్ అయిపోవస్తోంది, ఒకటి పంపు. ఇక్కడ గడ్డి నూగుకి గొంతు గరగరలాడుతోంది. గూట్లో దగ్గితే అత్త నన్నే డేగకి వేస్తుంది, అందుకని ముందే పీల్చుకుని వెళ్తున్నా. అమ్మని అడక్కుండా నువ్వే పంపు.

చింపేశావా?

నీ మిడత

*

అక్కా, నా బంగారు అక్కా,

నీ జవాబు రాకముందే ఇంకోటి రాస్తున్నా, కూర్చుంటే కూర్చోలేక, లేస్తే నిలబడలేక.

నిన్న అత్త నా ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లో వేసి చూసింది. నేను పక్కనే నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ ఉన్నా.

"ఒసేయ్ మిడతా, ఈ చెవులపిల్లికి నాలుగు చెవులున్నాయేంటే?"

"పరిగెడుతోంది కదా అత్తా."

"పరిగెడితే చెవులు పిల్లల్ని పెడతాయా? ఇది చూడు. కూర్చున్నది అద్దంలా ఉంది. మీసాలు లెక్కపెట్టొచ్చు. లేచిందంటే చాలు, తడిగుడ్డతో తుడిచేసినట్టు చేస్తావ్. నీ చెయ్యి బంగారమే. కన్నే లేదు."

విన్నావా? నా చెయ్యి బంగారమట! నవ్వాలో ఏడవాలో తెలీక నీళ్ళు తెస్తానని వెళ్ళిపోయా. కన్ను ఉంది అక్కా నాకు. డేగ ఇంకా చుక్కంత ఉన్నప్పుడే చూస్తున్నా. చెవులపిల్లి వెనక కాళ్ళు బిగించగానే ఇప్పుడు లేస్తుందని తెలిసిపోతోంది. లెన్సు దాని కూడా పంపిస్తుంటే, లోపలినుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టు ఆ గాజు ముక్క లాగేస్తోంది. స్విచ్ ఆపితే వణుకు, వేస్తే ఈ లాగుడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ ఒకే లెన్సులో పెట్టి నా చేతికిచ్చారు.

ఇంకా భయం ఏంటంటే ఆ చప్పుడు. గాలి ఉంటే గడ్డి హోరులో కలిసిపోతుంది. ఇవాళ పొద్దున గాలి లేదు. నేను బటను సగం నొక్కగానే గూట్లో సన్నగా గుర్రుమంది. అత్త కెమెరా మీంచి కన్ను తీయకుండానే "ఏంటే ఆ చప్పుడు?" అంది.

"నా కడుపు అత్తా."

"ఇందాకేగా తిన్నావ్! అది కడుపా, పిండిమరా?"

నవ్వింది, నేనూ నవ్వా. వీపంతా చెమట.

తర్వాత బయటికొచ్చాక మామూలుగానే చెప్పింది, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆదివారందాకా చూద్దామే. కుదరకపోతే నా పాత అసిస్టెంటుని పిలుస్తా. డేగ గూడు ఖాళీ చేసి వెళ్ళిపోయే టైమొచ్చింది, నీకు నేర్పుతూ కూర్చుంటే ఫొటో పోతుంది. ఏం అనుకోకు."

అందుకని నేనే ముందు వెళ్ళిపోదామని డిసైడ్ అయ్యా. శనివారం పాల వ్యానెక్కేస్తా. ఈ బురదా, ఈ చలీ నావల్ల కాదు, ఫొటోలు బోర్ కొట్టాయి అని చెప్తా. బద్ధకస్తురాలు అంటారు, అననీ. సిటీ పిల్ల కదా, వారంలో మోజు తీరిపోయింది అంటారు, అననీ. పాపం, దీనికి కూడా వచ్చిందట అని మాత్రం ఎవరూ అనకూడదు. ఇంటికొచ్చాక ఎందుకొచ్చావని నువ్వూ అడక్కు. అందరి ముందూ అస్సలు అడక్కు.

నీ మిడత

*

ఒసేయ్ మిడతా,

చింపలేదు. ముందు అదే చెప్తున్నా. రెండూ నా బ్యాగులోనే ఉన్నాయి, అమ్మకి దొరకవు, ఏడవకు.

ఇప్పుడు నేను అడిగిందానికి అబద్ధం లేకుండా చెప్పు. ఆ ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీలుస్తున్నావ్? నువ్వు వెళ్ళేటప్పుడు కొత్తది నేనే ఇచ్చా. సరిగ్గా వాడితే ఈ సెలవులన్నీ అయిపోయినా మిగలాలి. అప్పుడే అయిపోవస్తోందంటే ఏంటే అర్థం? పొద్దున్న గూట్లోకి వెళ్ళేముందు, మధ్యలో బయటికొచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళేముందు, దగ్గు రాకముందే, వస్తుందేమో అని. అవునా కాదా? అవుననే నా నమ్మకం. ఏదైనా దాచాలంటే నువ్వు ఒకటికి నాలుగు చేస్తావ్, నీ పద్ధతే అంత.

ఆ మందు ఎక్కువైతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మా కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళకి రోజూ ఈ మాట చెప్తాను. సొంత చెల్లెలికి చెప్పలేదు చూడు! నీకు ముందే తెలుసనుకున్నా. మందు పీలుస్తావ్, వెంటనే కెమెరా ఎత్తుతావ్. ఇంక వణక్క ఏం చేస్తుందే?

ఆగు, ఎగిరి గంతెయ్యకు. నేను డాక్టర్ని కాదు. అదే కారణమని ఉత్తరంలో తేల్చెయ్యడానికి నాకు ధైర్యం లేదు. డాక్టరుకి చూపించి తీరాలి, ఊపిరి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నిసార్లు పీల్చడం మామూలుగానే మంచిది కాదు. పార్సిల్లో కొత్తది పెట్టాను. నీ దగ్గర అది లేకుండా ఉంచే పిచ్చిదాన్ని కాదు. ఊపిరి పట్టేసినప్పుడు తప్పకుండా వాడు, అక్కడ మొండితనం చెయ్యకు. భయమేసినప్పుడు మాత్రం వాడకు. భయానికి అందులో మందు లేదు.

ఇంకోటి. పెద్దమ్మ అన్న మాట నువ్వొక్కదానివే విన్నాననుకున్నావా? నేను డాబా మెట్ల మీద ఉన్నా అప్పుడు. అప్పటినుంచి బాత్రూంలో గడియ పెట్టుకుని, చెయ్యి చాపి, వేళ్ళ మీద కాగితం పెట్టి చూసుకుంటూనే ఉన్నా, వణుకుతోందేమోనని. ఉద్యోగం వచ్చాక కూడా. నువ్వు రాశాక నాకు కోపం వచ్చింది, ఎందుకో తెలుసా? ఇద్దరం పక్కపక్క మంచాల మీద పడుకుని, ఒకే భయాన్ని ఎవరికి వాళ్ళం దాచుకున్నాం. ఎంత దద్దమ్మలమే మనం!

అత్తకి చెప్పు. బోర్ కొట్టిందని చెప్పి వ్యానెక్కావో, అదే వ్యానులో నిన్ను వెనక్కి తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టి నేనే చెప్తా.

అక్క

*

చింపనందుకు నీ మీద కోపంగా ఉన్న నీ చెల్లెలు రాస్తున్నది, అక్కా,

నువ్వన్నది నిజమే. లెక్కపెట్టుకుంటే నాకే సిగ్గేసింది. అంత పీలుస్తున్నానని నాకే తెలీదు. గూడు తలుపు కనపడగానే చెయ్యి జేబులోకి దానంతట అదే పోతోంది.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం పొద్దున వ్యాను వచ్చి హారన్ కొట్టి వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు. అత్తకి చెప్పనూ లేదు. చెప్దామని రెండుసార్లు నోరు తెరిచా. ఒకసారి పాలు పొంగాయి, ఇంకోసారి "నోరు మూసుకో, ఈగ పోతుంది" అంది. సరే, ముందు మందు లేకుండా గూట్లోకి వెళ్ళి చూద్దాం, వణుకు తగ్గితే అసలు చెప్పక్కర్లేదు కదా అనుకున్నా. చూశావా, మళ్ళీ దాచే ఆలోచనే!

ఆ పూట అన్నీ కలిసొచ్చాయి. డేగ గడ్డిలో పాతిన కట్టె మీద కూర్చుంది. చెవులపిల్లి గడ్డిలోంచి బయటపడి ముందు కాళ్ళు నాకుతోంది, అదీ నా కిటికీ వైపే. అత్త వేలితో నా మోకాలు తట్టింది, నీదే అన్నట్టు. సరిగ్గా అప్పుడు నా గొంతులో గరగర మొదలైంది. మింగా. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ముక్కు మూసుకున్నా. చివరికి దగ్గు కాదు అక్కా, టపాకాయ పేలినట్టు పేలింది. డేగ లేచిపోయింది. చెవులపిల్లి అటే గడ్డిలోకి పోయింది. వారాలుగా ఎదురుచూసింది ఒక్క దగ్గుతో ఖాళీ.

అత్త లెన్సు వదిలి నా వైపు తిరిగింది. "ఇంతసేపూ ఎలా ఆగాయే నీ దగ్గులు? ఇవాళే దొరికిందా?"

అప్పుడు నేను మొత్తం చెప్పేశా. వరసలో కాదు. టేపు, పెద్దమ్మ, ఇన్‌హేలర్, నాయనమ్మ చీర, నాలుగు చెవులు, కడుపు కాదు ఆ చప్పుడు, అన్నీ కలిపి, ఏడుస్తూ, మధ్యలో దగ్గుతూ. ముందు అత్త నా వీపు రాసింది. దగ్గు ఆగి ఊపిరి మామూలయ్యేదాకా రాస్తూనే ఉంది. తర్వాత నా లెన్సు దగ్గరికి జరిగి, గోటితో టేపు లేపి చూసింది. తిడుతుందని కళ్ళు మూసుకున్నా.

"చెయ్యి ఇటివ్వు."

ఇచ్చా. తన ఒళ్ళో బోర్లా పెట్టుకుని చాలాసేపు చూసింది, జంతువుని చూసినట్టు, రెప్ప వెయ్యకుండా. తర్వాత కెమెరా నా చేతిలో పెట్టి మళ్ళీ చూసింది.

"మా అమ్మ చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికేది. ఏదైనా గట్టిగా పట్టుకుంటే కాసేపు ఆగేది. నీది ఊరికే ఉన్నప్పుడు నిద్రపోతోంది, బరువెత్తితే వణుకుతోంది. అదీ ఇదీ ఒకటిలా లేదే నాకు." అని కెమెరా తీసేసుకుంది. "అయినా నాకేం తెలుసు. సోమవారం ఊళ్ళోకి పోదాం, డాక్టరు చెప్తాడు. నేనూ వస్తా. నన్నూ చూడమంటా."

"నిన్నెందుకు అత్తా?"

"ఎందుకేంటి, నేను ఆవిడ కూతుర్ని కాదూ? నువ్వొక్కదానివే భయపడాలని రూలుందా?"

అత్త కూడా, అక్కా! పొద్దున టీ కప్పు పట్టుకుని వేళ్ళ వైపు అలా చూస్తూ ఉంటుంది, పుస్తకం గురించి ఆలోచిస్తోందనుకునేదాన్ని.

తర్వాత తిట్లు మొదలయ్యాయి. వణుకుకి కాదు, స్విచ్‌కి. "బుద్ధుందా నీకు? సెకనుని రెండువేల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కకి తెరుస్తున్నాం షట్టరుని. అంత ముక్కలో గాలిలా పరిగెత్తే చెవులపిల్లే కదలకుండా దొరుకుతుంటే, నీ చెయ్యెంత వణుకుతుందే? నీ కంటికి గడ్డి ఊగితే ఊగనీ, ఫొటోలో ఊగదు. నీ చేతి వల్ల ఒక్క ఫొటో పోలేదు. పోయినవన్నీ ఆ స్విచ్ వల్లే, ఆ గాజు ముక్క లాగుడు నీ వణుకుకి వందరెట్లు."

నాకు అది ఎక్కడానికి కాసేపు పట్టింది. స్కూల్లో ఫిజిక్సులో ఫస్టు నేను. అయినా తట్టలేదు చూడు. వణుకు కనపడకూడదని చూశానే తప్ప, ఫొటోలో పడుతుందా అని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆదివారం పొద్దున మళ్ళీ వెళ్ళాం. జేబులో ఇన్‌హేలర్ ఉంది, తియ్యలేదు. మూతికి తడి గుడ్డ కట్టింది అత్త, నూగు పోకుండా. స్విచ్ నేనే ఆపా, అత్త చూస్తుండగా. కెమెరా ఎత్తితే గడ్డి ఊగింది. ఇదివరకంత కాదు కానీ ఊగింది. ఇంతవరకూ ఎవరి ముందూ అలా ఎత్తలేదు నేను. బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. అత్త మాత్రం తన కిటికీలోంచి చూస్తూ "మోచేతులు దగ్గరికి" అంది, అంతే.

డేగ ఎక్కడినుంచి లేచిందో తెలీదు. దాని నీడ ముందొచ్చింది, చెవులపిల్లి వెనకొచ్చింది. తిప్పా. ఎవరూ నా మోచెయ్యి లాగలేదు! లెన్సు దాని కూడా పోతూనే ఉంది, అది వంకర తిరిగితే నేనూ తిరిగా, కిటికీ చెక్క తగిలేదాకా. డేగ ఏమీ దొరక్క పైకి లేచిపోయింది. చెవులపిల్లి బతికింది. నేను వేలు బటను మీంచి తియ్యడం మర్చిపోయి ఖాళీ గడ్డిని కూడా బోలెడు తీశా.

ఇంటికొచ్చి తడి బూట్లతోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అక్కా, దాని కన్ను! కంట్లో ఆకాశం ఉంది. మీసాలు విడివిడిగా ఉన్నాయి, గాల్లో లేచిన బురద చుక్కలు గుండ్రంగా ఆగిపోయాయి. రెండే చెవులు. నేను అత్త మొహం చూస్తున్నా. అత్త బొమ్మ చూస్తోంది, కింద నుంచి పైకి, పై నుంచి కిందకి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"వెనక కాళ్ళేవే?"

"ఆ?"

"వెనక కాళ్ళు. ఇక్కడ చెవులపిల్లి సగమే ఉంది. మిగతా సగం ఏ ఊరికి పంపించావ్? ఎంతసేపూ మొహమ్మీదే ధ్యాస. వెనక చోటు వదలాలని ఎన్నిసార్లు చెప్పాను? పుస్తకంలో వెయ్యడానికి పనికిరాదు ఇది. రేపు డాక్టరు దగ్గర్నుంచి రాగానే మళ్ళీ కూర్చోవాలి. కొంచెం వెనక్కి జరిగి కూర్చో, కిటికీకి అతుక్కుపోకు."

నేను నవ్వడం మొదలుపెట్టా అక్కా, ఆపుకోలేక. "ఏంటే, తిడుతుంటే నవ్వుతావ్?" అని నెత్తి మీద మొట్టింది. ఎలా చెప్పను తనకి? నీకు చెప్తా. రేపు డాక్టరు ఏమంటాడో తెలీదు, రాత్రి నిద్ర పడుతుందో లేదో కూడా తెలీదు. కానీ వెనక కాళ్ళు కోసెయ్యడం ఎవరి రక్తంలోనూ రాదు. అది వట్టి నా తప్పు. నేర్చుకుంటే పోతుంది.

నీ మిడత